కిడ్నీలో గడ్డ: ఆగి చూడాలా, గడ్డ వరకే తీయించాలా, కిడ్నీయే తీయించాలా?

కిడ్నీ క్యాన్సర్ చాలామందిలో వేరే పని మీద తీసిన స్కానింగ్‌లో దొరుకుతుంది. గ్యాస్ నొప్పి అనుకుని వెళ్తేనో, పిత్తాశయంలో రాళ్లున్నాయేమో చూస్తుంటేనో, ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లోనో పొట్ట స్కానింగ్ తీస్తారు. రిపోర్టు చివర ఒక వాక్యం ఉంటుంది: కుడి కిడ్నీ పైభాగాన 3.2 సెంటీమీటర్ల గట్టి గడ్డ ఉంది, సీటీ తీయించండి. మూత్రంలో రక్తం, నడుము పక్కన నొప్పి, చేతికి తగిలే గడ్డ అని పాత పుస్తకాల్లో రాసిన మూడు లక్షణాలూ కలిసి కనిపించేది ఇప్పుడు పదిమందిలో ఒక్కరిలో కూడా కాదు. మూడూ కలిసి వచ్చాయంటే జబ్బు అప్పటికే ముదిరి ఉండటం ఎక్కువ.

ఆ వాక్యం చదివిన సాయంత్రానికే ఇంట్లో చర్చ "రోబోతో ఎక్కడ బాగా చేస్తారు" అన్నదాని మీదికి పోతుంది. అది నిజానికి నాలుగో ప్రశ్న. దానికంటే ముందు తేలాల్సినవి మూడు: ఇది క్యాన్సరేనా, అయినా ఇప్పుడే తీయాలా, తీస్తే ఎంత కిడ్నీ మిగులుతుంది. 4 సెం.మీ. లోపు గడ్డ విషయంలో ఈ మూడూ తేల్చుకోవడానికి కొన్ని వారాలు పట్టినా నష్టం లేదు. ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి: మూత్రంలో రక్తం గడ్డలుగా వచ్చి మూత్రం బిగిసిపోవడం, రెండు కాళ్లూ వాయడం, గడ్డతోపాటు చలిజ్వరం రావడం, గడ్డ 7 సెం.మీ. దాటి ఉండటం.

అది గడ్డా, నీటి బుడగా

అల్ట్రాసౌండ్ నీటి బుడగకూ గట్టి గడ్డకూ తేడాను బాగా పట్టిస్తుంది. యాభై దాటినవాళ్లలో కిడ్నీ మీద మామూలు నీటి బుడగలు సర్వసాధారణం. గోడ పలుచగా, లోపల తేట నీరు మాత్రమే ఉంటే దాన్ని మరిచిపోవచ్చు, ఏటేటా స్కానింగ్ కూడా అక్కర్లేదు. గోడ మందంగా ఉన్నా, లోపల అడ్డుగోడలున్నా బోస్నియాక్ అంకె చూడాలి. రేడియాలజిస్టు మోర్టన్ బోస్నియాక్ 1986లో పెట్టిన ఈ వర్గీకరణను 2019లో సవరించారు. 1, 2 అయితే వదిలేయొచ్చు. 2ఎఫ్ అయితే ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి, ఆ తరువాత ఏటా అయిదేళ్ల వరకు చూస్తారు. 3 అయితే క్యాన్సర్ కావడానికీ కాకపోవడానికీ దాదాపు సమాన అవకాశం. 4 అయితే పదింట తొమ్మిది క్యాన్సరే. రిపోర్టులో "కాంప్లెక్స్ సిస్ట్" అని రాసి అంకె వేయకపోతే రేడియాలజిస్టును అడిగి వేయించుకోవాలి. ఆ అంకె లేకుండా యూరాలజిస్టు కూడా గట్టిగా ఏమీ చెప్పలేరు.

గట్టి గడ్డ అయితే సీటీ. ఇక్కడ మన ఊళ్లలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. కడుపునొప్పికి తీసే మామూలు సీటీని, అంటే నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించాక ఒక్కసారి తీసినదాన్ని చేతికిచ్చి పంపుతారు. కిడ్నీ గడ్డకు అది చాలదు. మందు ఎక్కించకముందు ఒకటి, ఎక్కించాక సుమారు అర నిమిషం నుంచి నిమిషం లోపు ఒకటి, ఒకటిన్నర రెండు నిమిషాలకు ఒకటి, మూత్రనాళంలోకి మందు దిగాక ఒకటి తీయాలి. చీటీ మీద "రీనల్ మాస్ ప్రోటోకాల్" అని రాయించుకుంటే రెండోసారి డబ్బు, రేడియేషన్ రెండూ మిగులుతాయి.

ఇన్నిసార్లు ఎందుకంటే, జవాబు తేడాలో ఉంది. సీటీలో సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. మందుకు ముందు 32 ఉన్న గడ్డ మందు తరువాత 95 అయితే దానిలో రక్తం పారుతోంది, అది జీవమున్న గడ్డ. తేడా 20 దాటితే అనుమానం బలపడుతుంది. 10కీ 20కీ మధ్య ఊగిసలాడితే ఎంఆర్ఐ చేయిస్తారు. మందుకు ముందు అంకె సున్నాకు బాగా దిగువన, మైనస్ 10 కంటే కిందికి ఉంటే గడ్డలో కొవ్వు ఉందన్నమాట. అది దాదాపు ఎప్పుడూ యాంజియోమయోలైపోమా, క్యాన్సర్ కాదు. అది పెరిగి రక్తం కారే ప్రమాదం ఒక్కటే చూసుకోవాలి.

సీటీకి ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పనిసరి. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారు సుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ముందే చెప్పాలి, 48 గంటలు ఆపమంటారు. గడ్డ 4 సెం.మీ. దాటితే ఛాతీ సీటీ కూడా తీస్తారు, ఈ జబ్బు మొదట వెళ్లేది ఎక్కువగా ఊపిరితిత్తులకే. ఎముకల నొప్పి గానీ, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా గానీ లేకుంటే బోన్ స్కాన్ అనవసరం. పెట్ సీటీ కూడా మొదటి పరీక్షగా అనవసరమే. అందులో వాడే చక్కెర మందు మూత్రంలోంచే పోతుంది కాబట్టి కిడ్నీ ఎలాగూ వెలుగుతుంది, పైగా చాలా కిడ్నీ క్యాన్సర్లు దాన్ని సరిగా పీల్చవు. పెట్‌లో ఏమీ కనిపించలేదని ఊరట చెందడమూ తప్పే, అన్నిటికంటే ఖరీదైన పరీక్ష కనుక అదే గొప్పదనుకోవడమూ తప్పే.

సూది పరీక్ష: ఎవరికి కావాలి, ఎవరికి వద్దు

4 సెం.మీ. లోపు గట్టి గడ్డల్లో సుమారు అయిదింట ఒకటి క్యాన్సర్ కాదు. ఆంకోసైటోమా లాంటి మామూలు గడ్డ సీటీలో క్యాన్సర్‌లాగే వెలుగుతుంది, కంటితో విడదీయలేం. గడ్డ చిన్నదయ్యేకొద్దీ క్యాన్సర్ కాకపోయే అవకాశం పెరుగుతుంది.

"సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది" అనే భయం చాలా ఇళ్లలో ఉంది. ఇప్పుడు చేసే బయాప్సీలో ముందు ఒక సన్నని గొట్టాన్ని గడ్డ దాకా దింపి, దాని లోపలినుంచి 18 గేజ్ సూదితో కనీసం రెండు ముక్కలు తీస్తారు. గొట్టం ఉండటంతో కణాలు దారిలో రాలడం అత్యంత అరుదు. అసలు సమస్య వేరే ఉంది: వందలో పది పదిహేను సార్లు ముక్క చాలదనో, ఏమీ తేలలేదనో రిపోర్టు వస్తుంది. "తేలలేదు" అంటే "క్యాన్సర్ లేదు" అని కాదు, మళ్లీ చేయాలి. సన్న సూదితో నీరులాంటిది లాగే ఎఫ్ఎన్ఏసీ ఇక్కడ చాలదు, ముక్క రావాల్సిందే. నీటి బుడగలకు బయాప్సీ పెద్దగా ఉపయోగపడదు.

ఫలితం ఏదొచ్చినా ఆపరేషన్ చేసేదే అయితే, ఉదాహరణకు 48 ఏళ్ల ఆరోగ్యవంతుడికి 5 సెం.మీ. గడ్డ ఉంటే, బయాప్సీ మానేయొచ్చు. కాల్చే చికిత్సకు ముందు, వేరేచోటికి పాకినప్పుడు మందులు మొదలుపెట్టే ముందు, ఆగి చూడాలా అని ఊగిసలాడేటప్పుడు, వేరే క్యాన్సర్ ఉన్నవాళ్లలో కొత్త గడ్డ కనిపించినప్పుడు బయాప్సీ ఉండాలి. మన దేశంలో ఇంకో కారణం కూడా ఉంది: కిడ్నీ టీబీ, రాళ్లవల్ల ఏళ్ల తరబడి సాగే జాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్ అనే ఇన్ఫెక్షన్ రెండూ స్కాన్‌లో క్యాన్సర్ వేషం వేస్తాయి. జ్వరం, బరువు తగ్గడం, మూత్రంలో చీము కణాలు ఉంటే కత్తి పట్టేముందు ఆ దారి వెతకాలి.

గడ్డ కిడ్నీ కండలో కాకుండా మూత్రం చేరే గిన్నె భాగంలో పుడితే అది వేరే జబ్బు, మూత్రాశయ క్యాన్సర్‌కు చుట్టం. దానికి కిడ్నీతోపాటు మూత్రనాళం మొత్తం, మూత్రాశయంలో అది కలిసేచోటి ముక్క కూడా తీయాలి, కీమో కూడా పనిచేస్తుంది. కింద చెప్పేదంతా కిడ్నీ కండలో పుట్టే క్యాన్సర్ గురించి. కిడ్నీ క్యాన్సర్లలో పదింట తొమ్మిది అవే, వాటిలోనూ నాలుగింట మూడు క్లియర్ సెల్ రకం.

తూకం వేయాల్సినవి

గడ్డ కొలత అందరూ చూస్తారు. అవతలి కిడ్నీ సంగతి చాలామంది అడగరు. కానీ ఎంపికను తిప్పేసేది అదే.

62 ఏళ్ల మనిషి, సుగర్, బీపీ, క్రియాటినిన్ 1.4 అనుకుందాం. ల్యాబ్ కాగితం మీద అది "కొంచెం ఎక్కువ" అన్నట్టే కనిపిస్తుంది. వయసు కలిపి లెక్కగడితే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం, సుమారు 57, అంటే కిడ్నీల పనితీరు ఇప్పటికే మెట్టు దిగింది. ఒక కిడ్నీ మొత్తం తీస్తే మిగిలినది కొంత పుంజుకున్నాక కూడా సుమారు మూడో వంతు పోతుంది, 38 దగ్గర నిలుస్తుంది. గడ్డ వరకే తీస్తే పోయేది సుమారు పదో వంతు, 50 పైన మిగలొచ్చు. ఈ మనిషికి ఇంకో ఇరవై ఏళ్లు సుగర్‌తో బతకాల్సి ఉంది, కాబట్టి ఆ తేడా చిన్నది కాదు. ఇలాంటివారికి రెండు కిడ్నీలు చెరి ఎంత పనిచేస్తున్నాయో చెప్పే డీటీపీఏ స్కాన్ చేయించడం మంచిది. గడ్డ ఉన్న కిడ్నీయే ఎక్కువ పని మోస్తోందని తేలిన సందర్భాలుంటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల, క్యాన్సర్‌తో సంబంధం లేకుండానే కిడ్నీలు దెబ్బతింటున్న ప్రాంతాల వారికి, ఈ లెక్క మరింత గట్టిగా వర్తిస్తుంది.

తరువాతిది గడ్డ ఉన్నచోటు. కిడ్నీ అంచున బయటికి పొడుచుకొచ్చిన 4 సెం.మీ. గడ్డను తీయడం, నడిమధ్యన రక్తనాళాల పక్కన పూడుకుపోయిన 2.5 సెం.మీ. గడ్డను తీయడం కంటే సులువు. దీన్ని అంకెల్లో చెప్పడానికి రీనల్ స్కోరు ఉంది, 4 నుంచి 12 వరకు. 4 నుంచి 6 సులువు, 7 నుంచి 9 మధ్యస్థం, 10, ఆపైన అయితే చేయి తిరిగినవారికే. మీ స్కోరెంతో సర్జన్‌ను అడగండి.

ఆగి చూడటం

మందూ కత్తీ లేకుండా కాలం గడపడమని దీన్ని తీసిపారేస్తారు గానీ, సరైన మనిషికి ఇది మంచి చికిత్స. చిన్న గడ్డలు సగటున ఏడాదికి 2, 3 మిల్లీమీటర్లే పెరుగుతాయి. జాగ్రత్తగా గమనిస్తున్నవారిలో వేరేచోటికి పాకేది వందలో ఒకరిద్దరికి. గుండెలో స్టెంటు ఉన్న 78 ఏళ్ల మనిషికి 2.1 సెం.మీ. గడ్డ ఉంటే ఆపరేషన్ ప్రమాదం గడ్డ ప్రమాదాన్ని మించుతుంది.

మొదటి స్కాన్ 3 నుంచి 6 నెలలకు, ఆ తరువాత 6 నుంచి 12 నెలలకోసారి. వీలైనంతవరకు ఒకేచోట, ఒకే రకం స్కాన్ తీయించాలి. ఒకసారి అల్ట్రాసౌండ్‌లో 3.0, మరోసారి సీటీలో 3.2 వస్తే అది పెరుగుదల అని చెప్పలేం, కొలతలో తేడా కావచ్చు. ఏడాదికి 5 మిల్లీమీటర్లు దాటి పెరిగినా, గడ్డ 3, 4 సెం.మీ. దాటినా, మూత్రంలో రక్తం వచ్చినా ఆగడం ఆపాలి. ఈ దారి చెడేది ఎక్కువగా మనిషి వల్లే. నొప్పి లేదు కదా అని రెండు స్కాన్లు ఎగ్గొట్టి, నాలుగేళ్ల తరువాత 7 సెం.మీ. గడ్డతో వచ్చేవారున్నారు. స్కాన్ తేదీ గుర్తుపెట్టుకుని తీసుకెళ్లే మనిషి ఇంట్లో లేకుంటే ఈ దారి పట్టకండి. 35 ఏళ్లవారికీ ఇది సరిపడదు, వారికి ముందున్న ఏళ్లు ఎక్కువ.

కాల్చడం, గడ్డకట్టించడం, రేడియేషన్

స్కాన్ చూస్తూ సూదిని గడ్డలోకి దింపి వేడితోనో అతిచలితోనో చంపడం. 3 సెం.మీ. లోపు, కిడ్నీ వెనకవైపు అంచున ఉన్న గడ్డలకు బాగా కుదురుతుంది. మధ్యలో ఉంటే పక్కన పారే రక్తం వేడిని లాక్కుపోతుంది, చికిత్స అసంపూర్తిగా మిగులుతుంది, మూత్రనాళం కాలే ప్రమాదం కూడా ఉంది. ఒకటి రెండు రోజుల్లో ఇంటికెళ్లొచ్చు. అక్కడే మళ్లీ పెరగడం ఆపరేషన్ కంటే ఎక్కువ, అయితే మళ్లీ కాల్చొచ్చు. చికిత్స తరువాత గడ్డ మాయం కాదు, చచ్చిన కండలా అక్కడే ఉంటుంది. తరువాతి స్కాన్ రిపోర్టులో "గడ్డ ఉంది" అని చదివి కంగారుపడొద్దు, మందు ఎక్కించినప్పుడు అది వెలుగుతోందా లేదా అన్నదే చూడాలి. బయాప్సీ తీయకుండా కాలిస్తే అది అసలు క్యాన్సరో కాదో ఎప్పటికీ తెలియదు.

ఆపరేషన్‌కు తట్టుకోలేని, గడ్డ కాల్చడానికి పెద్దదైన వారికి గురిపెట్టి ఇచ్చే స్టీరియోటాక్టిక్ రేడియేషన్ ఇప్పుడు నిజమైన దారి. ఫాస్ట్రాక్-2 ట్రయల్‌లో 70 మందికి, 4 సెం.మీ. లోపు గడ్డలకు ఒకేసారి 26 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), పెద్దవాటికి మూడుసార్లలో 42 గ్రే ఇచ్చారు. ఏడాది గడిచేసరికి ఒక్కరిలోనూ గడ్డ అక్కడ తిరిగి పెరగలేదు. రెండేళ్లలో ఈజీఎఫ్ఆర్ మాత్రం సగటున సుమారు 15 తగ్గింది.

గడ్డ వరకే తీయడమా, కిడ్నీ మొత్తమా

4 సెం.మీ. లోపు అయితే గడ్డ వరకే తీయడం మొదటి ఎంపిక. 4 నుంచి 7 మధ్య కూడా చోటు అనుకూలిస్తే అదే. "మొత్తం తీసేస్తే బెంగ ఉండదు" అనే మాట ఇంట్లో పెద్దలు అంటారు, ఒక్కోసారి డాక్టర్లూ అంటారు. సరిగ్గా చేస్తే క్యాన్సర్ అదుపులో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

అలాగని గడ్డ వరకే తీసే ఈ ఆపరేషన్‌ను, డాక్టర్లు పార్షియల్ అనేదాన్ని, మంత్రంలా జపించడమూ సరికాదు. 541 మందిపై యూరప్ సంస్థ నేతృత్వంలో జరిగిన ట్రయల్‌లో గడ్డ వరకే తీసినవారి కిడ్నీ పనితీరు మెరుగ్గా నిలిచింది, కానీ వారు ఎక్కువకాలం బతికారని తేలలేదు. అవతలి కిడ్నీ నిక్షేపంగా ఉండి, సుగర్ బీపీ లేక, గడ్డ స్కోరు 11 అయితే, ఏడాదికి నాలుగైదు పార్షియల్‌లు మాత్రమే చేసే చోట సాహసం చేయించుకోవడం కంటే కిడ్నీ మొత్తం తీయించుకోవడం తెలివైన పని. ఒంటి కిడ్నీ ఉన్నవారికి, రెండువైపులా గడ్డలున్నవారికి, ఈజీఎఫ్ఆర్ తగ్గినవారికి మాత్రం ఎంత కష్టమైనా గడ్డ వరకే తీయగల సర్జన్‌ను వెతకాలి. 46 ఏళ్ల లోపు వచ్చినా, రెండువైపులా వచ్చినా, ఇంట్లో ఇంకొకరికి వచ్చినా జన్యు పరీక్ష గురించి అడగాలి.

పార్షియల్‌లో ఏం జరుగుతుందో తెలిస్తే ప్రశ్నలు అడగడం తేలిక. కిడ్నీకి రక్తం వచ్చే నాళానికి క్లిప్పు పెట్టి, గడ్డను చుట్టూ కాస్త మంచి కండతో కోసి, లోపలి పొరను కుట్టి, క్లిప్పు తీస్తారు. క్లిప్పు ఉన్న సమయం 25 నిమిషాల లోపుంటే మంచిది, మించేకొద్దీ మిగిలిన కిడ్నీ దెబ్బతింటుంది. తరువాత వచ్చే ఇబ్బందుల్లో ఒకటి మూత్రం కారడం. డ్రెయిన్‌లో నీరు తగ్గకపోతే ఆ నీటిలో క్రియాటినిన్ చూస్తారు, రక్తంలోకంటే బాగా ఎక్కువుంటే అది మూత్రమే. చాలాసార్లు మూత్రనాళంలో స్టెంటు వేసి కొన్ని వారాలు ఆగితే మానిపోతుంది.

రెండోది మరింత మోసకారి. ఆపరేషన్ బాగా జరిగి ఇంటికొచ్చాక, ఒకటి నుంచి మూడు వారాల మధ్య, ఉన్నట్టుండి మూత్రం ఎర్రగా వస్తుంది. కోసినచోట ధమని బుడగలా ఉబ్బి పగలడం దీనికి కారణం. వందలో ఒకరిద్దరికి వస్తుంది. దగ్గరి నర్సింగ్‌హోమ్‌లో సెలైన్ పెట్టించుకుని కూర్చునే పని కాదిది. తొడ నాళంలోంచి గొట్టం పంపి ఆ ఒక్క ధమనిని మూసేస్తే కిడ్నీ దక్కుతుంది. ఆ సౌకర్యం లేనిచోట కంగారులో కిడ్నీయే తీసేసే ప్రమాదం ఉంది. కాబట్టి ఆపరేషన్‌కు ముందే, ఇలా ధమనిని మూసే ఎంబొలైజేషన్ ఇదే ఆసుపత్రిలో రాత్రివేళ కూడా చేస్తారా అని అడిగి ఉంచుకోండి. సంతకం పెట్టే కాగితంలో "అవసరమైతే కిడ్నీ మొత్తం" అనే వాక్యం ఉంటుంది, ఉండాలి కూడా. మీ సర్జన్ చేతిలో ఎన్నింటికి ఆ అవసరం పడిందో అడగడంలో తప్పు లేదు.

ఓపెన్, కీహోల్, రోబో

క్యాన్సర్ నయం కావడంలో మూడింటికీ తేడా లేదు. కిడ్నీ మొత్తం తీసేటప్పుడు మామూలు కీహోల్ చాలు, రోబో వల్ల అదనంగా వచ్చేది తక్కువ. గడ్డ వరకే తీసి, క్లిప్పు గడియారం నడుస్తుండగా లోపల కుట్లు వేయాల్సినప్పుడు రోబో చేయి నిజంగా అక్కరకొస్తుంది. రక్తం తక్కువ పోతుంది, రెండు మూడు రోజుల్లో ఇంటికెళ్లొచ్చు. ఓపెన్‌లో పక్కటెముక దగ్గర పొడవైన కోత, అయిదారు రోజులు ఆసుపత్రి, బరువు పనులకు ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆ వైపు పొట్ట తరువాత ఉబ్బినట్టు ఉండొచ్చు. అక్కడి నరం దెబ్బతిని కండ సడలడమే చాలామందిలో కారణం, అన్నిసార్లూ హెర్నియా కాదు. అయితే ఓపెన్‌లో కిడ్నీ చుట్టూ ఐసు పేర్చి ఎక్కువసేపు పనిచేసే వీలుంది. ఒంటి కిడ్నీ, క్లిష్టమైన గడ్డ అయితే అనుభవమున్నవారు ఓపెన్ అన్నా పాతకాలం డాక్టరనుకోవద్దు. ఏడాదికి యాభై పార్షియల్‌లు ఓపెన్‌లో చేసే చేయి, కొత్త రోబో కొన్న చేయి, ఈ రెండింట్లో మొదటిది ఎంచుకోండి.

గడ్డ కిడ్నీ సిరలోంచి పెద్ద సిరలోకి తోకలా పెరిగితే ఆపరేషన్ స్థాయే మారుతుంది. తోక కాలేయం దాకా, గుండె దాకా వెళ్తే గుండె సర్జన్ల బృందం ఉన్న పెద్ద ఆసుపత్రే గతి. ఇలా ఉన్నా వేరేచోటికి పాకకపోతే నయం చేసే ఉద్దేశంతోనే ఆపరేషన్ చేస్తారు, ఆశ వదులుకోనక్కర్లేదు.

ఆపరేషన్ తరువాత మందు కావాలా

చిన్న గడ్డకు ఏ మందూ అక్కర్లేదు. క్లియర్ సెల్ రకమై, కిడ్నీ చుట్టూ ఉన్న కొవ్వులోకో సిరలోకో పాకినవారికి, లింఫ్ గ్రంథుల్లో ఉన్నవారికి, పెద్ద గడ్డతోపాటు గ్రేడు 4 (కణాల దూకుడులో పై మెట్టు) వచ్చినవారికి పెంబ్రోలిజుమాబ్ ఇస్తారు, ఇది ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ మందు: 200 మి.గ్రా. మూడు వారాలకోసారి, ఏడాదిలో 17 సార్లు. కీనోట్-564 ట్రయల్‌లో నాలుగేళ్లకు బతికి ఉన్నవారు మందు తీసుకున్నవారిలో వందకు 91, తీసుకోనివారిలో 86. ఆ అయిదుగురి కోసం మిగతావారంతా కూడా థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు శాశ్వతంగా దెబ్బతినే అవకాశాన్ని, లక్షల ఖర్చును మోస్తారు. ఇంటి డబ్బంతా దీనికే పోతుందంటే వద్దనుకోవడం నేరం కాదు, ఈ మాట డాక్టరుతో మొహమాటం లేకుండా మాట్లాడాలి.

పాకిన తరువాత

మామూలు కీమో ఈ జబ్బుమీద దాదాపు పనిచేయదు. క్లియర్ సెల్‌లో వీహెచ్ఎల్ అనే జన్యువు చెడి, కణం తనకు ఆక్సిజన్ అందడం లేదని భ్రమపడి రక్తనాళాలను పిలిపించుకుంటుంది. సీటీలో గడ్డ అంతగా వెలగడానికీ, నాళాలను అడ్డుకునే గోళీలు పనిచేయడానికీ ఇదే మూలం. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ యంత్రాంగాన్ని కనిపెట్టినందుకే 2019లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

ఎంపికకు ముందు ఆరు విషయాలు లెక్కేస్తారు: మనిషి తిరుగాడే శక్తి, జబ్బు కనిపెట్టి ఏడాది దాటిందా, హిమోగ్లోబిన్, కాల్షియం, న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు. ఒక్కటీ చెడ్డగా లేకుంటే మంచి వర్గం, ఒకటి రెండు అయితే మధ్యస్థం, మూడు, ఆపైన అయితే కష్టం. మధ్యస్థ, కష్ట వర్గాలకు నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ జంట గానీ, ఇమ్యూనోథెరపీతోపాటు నాళాలను అడ్డుకునే గోళీలు యాక్సిటినిబ్, కాబోజాంటినిబ్, లెన్వాటినిబ్‌లలో ఒకటి గానీ ఇస్తారు. మంచి వర్గానికి గోళీ ఒక్కటే కూడా చెడ్డ ఎంపిక కాదు. సునిటినిబ్, పాజోపానిబ్ జెనరిక్‌లు దొరుకుతాయి కాబట్టి స్తోమత లేనివారి చికిత్స వాటితోనే నడుస్తుంది. తక్కువ మోతాదు నివోలుమాబ్ గురించి వినేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ముంబై టాటా మెమోరియల్‌లో పేరొచ్చిన ఆ ట్రయల్ తల, మెడ క్యాన్సర్ల మీద చేసినది.

ముందు కిడ్నీ తీసేసి తరువాత మందులా? 2018లో వచ్చిన కార్మెనా ట్రయల్‌లో తీయకుండా నేరుగా సునిటినిబ్ ఇచ్చినవారు తీసినవారికేమీ తీసిపోలేదు. పాకిన మచ్చలు ఒకటి రెండే ఉండి మనిషి బలంగా ఉంటే తీయడంలో అర్థముంది. నీరసించినవారికి ఆపరేషన్ వల్ల మందు ఆలస్యం కావడమే మిగులుతుంది.

పాజోపానిబ్ 800 మి.గ్రా. ఖాళీ కడుపుతో, తిండికి గంట ముందో రెండు గంటల తరువాతో వేసుకోవాలి. భోంచేసి వేసుకుంటే ఒంట్లోకి ఎక్కువగా ఎక్కి కాలేయం దెబ్బతినొచ్చు. ఈ గోళీలన్నిటితో బీపీ పెరుగుతుంది, ఇంట్లో బీపీ మెషిన్ ఉండాలి. అరిచేతులు, అరికాళ్లు మండి పొక్కుతాయి, మొదటి రోజునుంచే యూరియా క్రీము రాయాలి. ఇమ్యూనోథెరపీలో ప్రమాదం ఇంకో రకం. రోజుకు నాలుగైదుసార్లు విరేచనాలైతే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర బిళ్లలు వేయించుకుని ఊరుకుంటారు. అది ఇన్ఫెక్షన్ కాకుండా మందు రెచ్చగొట్టిన పేగువాపు కావచ్చు, దానికి స్టెరాయిడ్ పడాలి. కొత్త ఆయాసం, దగ్గు కూడా అంతే. మందు ఆపిన నెలల తరువాత కూడా ఇవి రావచ్చు.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు

సర్జరీ అనగానే ఒక్క సర్జన్ మాటే కాకుండా యూరాలజిస్టు, రేడియాలజిస్టు, మెడికల్ ఆంకాలజిస్టు కలిసి చూసేచోట అడగడం మంచిది. హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్ అందుబాటులో ఉన్నాయి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆపరేషన్, ఏ మందు వస్తుందో అడ్మిట్ కాకముందే ఆ ఆసుపత్రి కౌంటర్‌లో తేల్చుకోండి. రోబో ఖర్చు చాలాసార్లు బయటే ఉంటుంది. ప్రైవేటు పాలసీల్లో రోబో, ఇమ్యూనోథెరపీ రెండింటికీ విడిగా పరిమితి పెట్టే వీలుంది. 10 లక్షల పాలసీ కదా అని ధైర్యపడకుండా ఆ పేజీ చదవండి.

వెంట తీసుకెళ్లాల్సింది రిపోర్టు కాగితం ఒక్కటే కాదు. సీటీ సీడీ, బయాప్సీ అయితే ముక్కను మైనంలో భద్రపరిచిన పారాఫిన్ బ్లాకు, స్లైడ్లు, గత రెండు మూడేళ్ల క్రియాటినిన్ కాగితాలు, వేసుకునే మందుల చీటీ. ఫిల్ముల మీద హౌన్స్‌ఫీల్డ్ అంకె కొలవలేరు. సీడీ లేకపోతే రెండో డాక్టరు మళ్లీ సీటీ రాయక తప్పదు, ఆ కాంట్రాస్ట్ మందు మళ్లీ అదే కిడ్నీలోంచి పోవాలి.